చదును నేల అంత చదునేం కాదు

శాటిలైట్ ఫోటోల పిచ్చి ఉన్నవాళ్ళు తిరిగి తిరిగి అవే పెడుతుంటారు. మౌరిటానియా ఎడారిలో 40 కిలోమీటర్ల వెడల్పున వలయాలు వలయాలుగా ఉండే రిచాట్, నమీబ్ ఇసుక తిన్నెలు, లేనా నది డెల్టా. బాగుంటాయి, కాదనను. రిచాట్‌ని మొదట్లో ఉల్క పడిన గొయ్యి అనుకున్నారు, తీరా చూస్తే పైకి ఉబ్బిన రాతి పొరలు అరిగి అరిగి అలా వలయాలుగా తేలాయి. అయినా కొండలూ ఎడారులూ పైనుంచి అందంగా కనపడటంలో వింతేముంది? నాకు నచ్చేది మా విజయవాడ నుంచి సముద్రం దాకా ఉన్న నేల. బస్సులో బందరు వెళ్తుంటే చూడ్డానికి ఏమీ ఉండదు, అటు పొలం, ఇటు పొలం, మధ్యలో కాలువ. అదే నేల పైనుంచి చూస్తే చదువుతున్నకొద్దీ అయిపోదు.

డబ్బులేం అక్కర్లేదు. ఇస్రో వాళ్ళ మ్యాప్ సైట్ భువన్ 2009 నుంచీ ఉంది, యూరప్ వాళ్ళ సెంటినెల్-2 శాటిలైట్ బొమ్మలు 10 మీటర్ల వివరంతో ఫ్రీగా దొరుకుతాయి. కాకపోతే మామూలు రంగుల్లో చూడకండి, ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనపడని కిరణాల బొమ్మ, పెట్టుకోండి. పచ్చటి ఆకు ఆ కిరణాల్ని గట్టిగా వెనక్కి కొడుతుంది, దాన్ని ఎరుపుగా చూపిస్తారు. ఏ నెలలో చూస్తున్నామన్నదీ ముఖ్యమే. సెప్టెంబరులో డెల్టా అంతా వరి, ఒకటే ఎరుపు, ఏదీ తెలియదు. ఏప్రిల్ చివర్లో, కాలువలకి నీళ్ళు ఆపేసి, మినుములు కూడా ఇంటికొచ్చేశాక చూడాలి. పొలాలు బూడిదరంగులోకి పోతాయి, చెట్లున్నచోట మాత్రమే ఎరుపు మిగులుతుంది, ఆ ఎరుపు చారలు చారలుగా ఉంటుంది.

బాపట్ల, నిజాంపట్నం వైపు బాగా కనపడతాయి, తీరానికి ఇంచుమించు సమాంతరంగా, ఒకదాని వెనక ఒకటి. ఇవన్నీ పాత సముద్రపు ఒడ్లు. నది తెచ్చిన ఇసుకని అలలు ఒడ్డు పొడుగునా దిబ్బగా పేర్చాయి, ఆ తర్వాత నది ఇంకాస్త మట్టి తెచ్చి సముద్రాన్ని అవతలికి నెట్టింది, అక్కడ ఇంకో దిబ్బ లేచింది, ఇలా వేల ఏళ్ళు. ఎత్తు ఏమంత ఉండదు, సైకిలు తొక్కుతుంటే కూడా తెలియదు. కానీ వాన నీళ్ళు నిలవవు కాబట్టి ఊళ్ళు వాటి మీదే వెలిశాయి, కొబ్బరి, జీడిమామిడి, సరుగుడు వాటి మీదే, రోడ్లూ చాలాచోట్ల వాటి మీదుగానే పోతాయి. దిబ్బకీ దిబ్బకీ మధ్య పల్లంలో వరి. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు అటే, ఊరంతా ఒకటే పొడుగు వీధి, పక్కకి రెండిళ్ళు దాటితే పొలం. దిబ్బ మీద పంపు కొడితే మంచినీళ్ళు, పల్లంలో కొడితే ఉప్పన, ఇది ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కొల్లేరు కూడా ఒకప్పుడు సముద్రంతో కలిసి ఉన్న ఉప్పునీటి సరస్సే. ఇప్పుడు దాని చుట్టూ చేపల చెరువులు తప్ప ఇంకేం కనపడవు, ఆ గళ్ళు చూస్తే నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది.

నది సంగతి చెప్పాలంటే, అమరావతి దగ్గర అంత వెడల్పున్న కృష్ణ ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య ఒక్కసారిగా ఇరుకైపోతుంది. 1855లో ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ అక్కడే ఎందుకు కట్టారో బొమ్మ చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు. పులిగడ్డ దగ్గర నది చీలి దివిసీమని చుట్టేస్తుంది. పెద్దపాయ నాగాయలంక దిగువన మళ్ళీ చీలి కోడి కాలి వేళ్ళలా సముద్రంలోకి పోతుంది. అక్కడ గూగుల్ ఎర్త్‌లో 1984 నుంచి ఉన్న టైమ్‌లాప్స్, అంటే ఏళ్ళవారీ బొమ్మల వరస, వేసి చూడండి. ఇసుక నాలుకలు జరుగుతుంటాయి, మడ అడవుల అంచు కొన్నిచోట్ల తెగిపోతుంటుంది. పైన శ్రీశైలం, నాగార్జునసాగర్ డ్యాముల్లోనే ఒండ్రు ఆగిపోతుంటే కిందకి వచ్చేదెంత?

ఇక విజయవాడని ముంచిన వాగు, బుడమేరు. 2024 సెప్టెంబరు మొదట్లో, బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిన రోజుల్లో, మామూలు శాటిలైట్‌కి మబ్బు తప్ప ఏమీ కనపడదు. అప్పుడు పనికొచ్చేది మబ్బుల్ని దాటి చూసే రాడార్. నున్నటి నీళ్ళ మీద పడ్డ రాడార్ అలలు అవతలికి జారిపోతాయి, వెనక్కి రావు, అందుకే వరద నల్లగా పడుతుంది. సింగ్‌నగర్ వైపు ఉండే మా బాబాయి వాట్సాప్‌లో తిరుగుతున్న అలాంటి మ్యాప్ ఒకటి చూసి ఫోన్ చేశాడు, "మా వీధి నల్లగా లేదు కదరా, ఇంక తగ్గినట్టేనా?" అని. ఇళ్ళ మధ్య నిలిచిన నీళ్ళతో వచ్చిన చిక్కే అది. అల నీటి మీద పడి, పక్కనున్న గోడకి కొట్టుకుని, నేరుగా శాటిలైట్‌కే తిరిగి వెళ్తుంది. దాంతో మునిగిన కాలనీ నల్లగా కాదు, ఇంకా తెల్లగా మెరుస్తుంది. ఫోన్‌లో ఇదంతా చెప్పే ఓపిక నాకు లేదు, వినే తీరిక ఆయనకీ లేదు. "మ్యాప్ సంగతి వదిలెయ్ బాబాయ్, పిన్నిని తీసుకుని మేడెక్కు" అన్నాను.