వంద కణాల లెక్క: నా అనుభవం

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో డిఫరెన్షియల్ కౌంట్ (తెల్ల రక్తకణాల్లో ఒక్కో రకం నూటికి ఎన్ని ఉన్నాయో మైక్రోస్కోప్‌లో లెక్కపెట్టడం) అనగానే చాలామందికి టెన్షన్. తెల్ల రక్తకణాలు ఐదు రకాలే కదా, బొమ్మలు చూసుకుని వెళ్తే సరిపోతుంది అనిపిస్తుంది. బొమ్మల్లో ప్రతి కణం కుదురుగా కూర్చుంటుంది. స్లైడ్ మీద కూర్చోదు.

పని సగం మైక్రోస్కోప్ దగ్గరికి రాకముందే తేలిపోతుంది. స్లైడ్ ఒక చివర చిన్న రక్తపు బొట్టు పెట్టి, ఇంకో స్లైడ్ అంచును 30–45 డిగ్రీల వాలులో దానికి ఆనించి, రక్తం అంచు పొడవునా పాకగానే ఒకే ఊపున ముందుకు నెట్టాలి. స్మియర్, అంటే ఆ రక్తపు పూత, నాలుకలా వచ్చి చివర పలచబడాలి. ఆరాక కణాలకు రంగు పట్టించే లీష్మన్ స్టెయిన్ వెయ్యాలి. రెండు నిమిషాల్లో అందులోని మిథనాల్ కణాలను స్లైడ్‌కు పట్టేలా చేస్తుంది. ఆ పైన దానికి రెట్టింపు బఫర్ నీళ్లు (పీహెచ్, అంటే ఆమ్ల-క్షార స్థాయి, మారకుండా చూసేవి), పీహెచ్ 6.8. ఈ అంకెను ఎవరూ పట్టించుకోరు గానీ, పీహెచ్ పెరిగితే స్లైడంతా నీలంగా, తగ్గితే గులాబీగా మారి కణాల రంగులు నమ్మడానికి వీల్లేకుండా పోతాయి.

ముందు 10ఎక్స్ లెన్స్‌లో ఎర్రకణాలు ఒకదానికొకటి తాకీ తాకనట్టున్న చోటు వెతుక్కుని, ఆయిల్ చుక్క వేసి 100ఎక్స్‌కు మారాలి. పెద్ద కణాలు అంచులకు, తోకకు చేరతాయి కాబట్టి ఒక్కచోటే లెక్కపెట్టకుండా పైకీ కిందికీ మెలికలుగా జరగాలి.

ఐదు రకాల్లో న్యూట్రోఫిల్‌తో పేచీ లేదు: మూడు నుంచి ఐదు తమ్మెల కేంద్రకం, సన్నని రేణువులు. ఈసినోఫిల్ నారింజ రంగు ముతక రేణువులతో దూరం నుంచే తెలిసిపోతుంది. బేసోఫిల్ వంద కణాల్లో ఒక్కటీ దొరకకపోవచ్చు. అప్పుడు సున్నా రాయడమే సరైనది.

నన్ను ఏడిపించింది మోనోసైట్. పెద్ద లింఫోసైట్ పక్కన పెడితే ఏది ఏదో తెలిసేది కాదు. కేంద్రకం మూత్రపిండం ఆకారంలో ఉంటుందని చదువుకున్నాం, కానీ గుండ్రంగా ఉన్నవీ కనపడేవి. "కేంద్రకం ఆకారం వదిలెయ్యమ్మా, చుట్టూ ఉన్నదాని రంగు చూడు" అన్నారు మేడమ్. అక్కడే దారి దొరికింది. లింఫోసైట్ సైటోప్లాజం తేటగా, లేత నీలంగా ఉంటుంది. పెద్దదైతే పక్కనున్న ఎర్రకణం ఒత్తిడికి లోపలికి నొక్కుకుపోతుంది. మోనోసైట్‌ది బూడిద కలిసిన నీలం, గరుకు గాజులా మసగ్గా ఉంటుంది, మధ్యమధ్య ఖాళీ బుడగలు. కేంద్రకంలోని క్రోమాటిన్ (డీఎన్‌ఏ ఉండే పదార్థం) లింఫోసైట్‌లో గడ్డలుగా ఉంటే, దీంట్లో వదులుగా అల్లుకుని ఉంటుంది.

ఇంకో చిక్కు, ఎర్రకణం మీద వాలిన ప్లేట్‌లెట్. మలేరియా పరాన్నజీవేమోనని గుండె ఝల్లుమంటుంది. చుట్టూ సన్నని తెల్లని వలయం ఉంటే, ఫైన్ ఫోకస్ కాస్త తిప్పగానే అది ఎర్రకణంతో పాటు కాకుండా వేరే ఎత్తులో తేలితే, ప్లేట్‌లెట్టే.

ఒకసారి నేనూ నా స్నేహితురాలూ ఒకే స్లైడ్‌ను లెక్కపెడితే నాకు ఈసినోఫిల్స్ 3 శాతం, తనకు 6. ఎవరిది తప్పని చాలాసేపు వాదించుకున్నాం. ఎవరిదీ కాదు. వంద కణాలే లెక్కపెడితే ఇంత తేడా మామూలే. ఉదాహరణకు, వందలో 5 వచ్చిందంటే అసలు విలువ సుమారు 2 నుంచి 11 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంకె అనుమానంగా ఉంటే 200 కణాలు లెక్కపెట్టమని అందుకే చెబుతారు. ఇద్దరి లెక్కలూ కలిపేసి రిపోర్టు రాశాం.