దింపు రోజు చప్పుడు

కోనసీమలో రేకుల కప్పు మీద ఎండుకాయ పడితే ఎవరూ తల తిప్పి చూడరు. నా ఒళ్లు మాత్రం ఆ చప్పుడుని కొబ్బరికాయగా వినేది కాదు. మెలకువ వచ్చేసరికి మంచం పక్కన నేలమీద బోర్లా ఉండేవాణ్ని. బనియను చెమటకి తడిసిపోయేది, గుండె చెవుల్లో కొట్టుకునేది. ఆ తర్వాత తెల్లారేదాకా నిద్ర ఉండేది కాదు. ఇది పీటీఎస్‌డీ అని, ఘోరమైన అనుభవం తర్వాత మిగిలే మానసిక జబ్బు అని తెలిసేముందు ఇంట్లోవాళ్లు కోపం అన్నారు, ఊళ్లోవాళ్లు తాగుడు అన్నారు.

నా సర్వీసు కథ చెప్పడానికి ఇది రాయడం లేదు. ఈ జబ్బుతో డిజేబిలిటీ పెన్షన్‌కి తిరిగే మన జిల్లాల మాజీ సైనికులకి వైద్యం ఎలా సాగుతుందో, కాగితం ఎలా కదులుతుందో, రెండూ ఎక్కడ ఒకదాన్నొకటి దెబ్బతీస్తాయో తెలియాలని రాస్తున్నాను. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు; రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరది. కాలో చెయ్యో పోయి వచ్చినవాణ్ని ఎలా చూసుకోవాలో మన ఊళ్లకి తెలుసు. నిద్ర పోయి వచ్చినవాణ్ని ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పలేదు.

జబ్బు గుర్తులు నాలుగు రకాలు. జరిగినది కలలోనో మెలకువలోనో మళ్లీ జరిగినట్టు అనిపించడం. దాన్ని గుర్తుచేసే చోటినీ మనిషినీ తప్పించుకు తిరగడం. మనసు మొద్దుబారి, తప్పంతా నాదే అన్న ఆలోచన గట్టిపడడం. ఒళ్లు ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు బిగుసుకుని ఉండడం. నెల దాటినా ఇవి తగ్గక, పనికీ సంసారానికీ అడ్డం పడుతుంటే పీటీఎస్‌డీ కిందికి వస్తుంది. మన వైపు ఇది ఎలా కనబడుతుందో చెబుతాను. రొయ్యల చెరువుల మీద రాత్రంతా నీటికి గాలి కొట్టే ఏరియేటర్లు తిరుగుతుంటే నిద్ర పడుతుంది, కరెంటు పోయి అవి ఆగిన క్షణంలో లేచి కూర్చుంటాడు. కనుమనాడు ప్రభల తీర్థానికి ఏదో ఒక పని చెప్పి రాడు. టిఫిన్ హోటల్లో గోడకి వీపు ఆనించి, గుమ్మం కనబడే కుర్చీలోనే కూర్చుంటాడు. గడియ వేసిన తలుపు దగ్గరికి రాత్రి ఆరుసార్లు వెళతాడు. కూతురి పెళ్లిలో అందరూ ఏడుస్తుంటే తనకేమీ అనిపించదు, అదే అన్నిటికన్నా భయపెడుతుంది.

మందుల గురించి సూటిగా చెబుతాను. ఎక్కువగా సెర్ట్రలీన్ లాంటి మాత్రతో మొదలుపెడతారు, చాలాసార్లు 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత 50కి పెంచుతారు. మొదటి పది రోజులు వికారం, విరేచనాలు, లోపల ఒక రకమైన కంగారు ఉంటాయి. మనవాళ్లలో చాలామంది సరిగ్గా అక్కడే మానేస్తారు. ఆ మాత్ర పని మొదలుపెట్టేది నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత. పడకగదిలో ఇబ్బంది వస్తే సిగ్గుపడి మానేయకూడదు, డాక్టరుకి చెబితే మోతాదో మందో మారుస్తారు. ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు ఉండడం, పాత కలలు తిరిగి రావడం ఉంటాయి. పీడకలలకి ప్రజోసిన్ ఇస్తే అది బీపీ తగ్గిస్తుంది కాబట్టి రాత్రి లేచేటప్పుడు మంచం మీద రెండు నిమిషాలు కూర్చుని లేవాలి. మెడికల్ షాపులో నిద్రకని అడిగి తెచ్చుకునే అల్‌ప్రజోలామ్ వేరే సంగతి. అది ఆ రాత్రికి నిద్రపుచ్చుతుంది గానీ అలవాటైపోతుంది, ఈ జబ్బుని మాత్రం తగ్గించదు. క్యాంటీన్ కోటా రమ్ము కూడా అంతే. మొదటి మూడు గంటలు పడుకోబెట్టి, తెల్లవారుజామున కలల్ని రెట్టింపు చేసి లేపుతుంది. ఈ రెండూ కలిపితే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానినా ఫిట్స్ రావచ్చు, అందుకని డాక్టరు చేతుల మీదుగానే మానాలి.

అసలు మేలు చేసేది మాటల వైద్యం. భయపెట్టేదాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొనేలా చేసే ఎక్స్‌పోజర్ పద్ధతిలో 8 నుంచి 15 సార్లు, ఒక్కోసారి గంటన్నర దాకా కూర్చోబెడతారు. కాకినాడ ప్రభుత్వ ఆస్పత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డున్నవాళ్లు పాలీక్లినిక్‌లో రెఫరల్ రాయించుకుని వెళ్లాలి. అర్ధరాత్రి చచ్చిపోవాలనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యండి. 2022 అక్టోబర్లో మొదలైన టెలీమానస్ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఇక కాగితం. పెన్షన్ రావాలంటే రెండు ప్రశ్నలకి జవాబుండాలి: జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, లేక సర్వీసులో ముదిరిందా అన్నది ఒకటి, దాని వల్ల వైకల్యం కనీసం 20 శాతం ఉందా అన్నది రెండోది. సర్వీసు నుంచి పంపేముందు పరీక్షించే రిలీజ్ మెడికల్ బోర్డు రాసే ఫారం ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 మీద ఈ రెండూ ఉంటాయి. మానసిక కేసుల్లో దానికన్నా ముందు చదవాల్సింది ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-10. సైకియాట్రిస్టు దగ్గరికి పంపేటప్పుడు యూనిట్ కమాండింగ్ ఆఫీసరు మన నడవడిక గురించి రాసే రిపోర్టు అది. 'పనిలో బాగుండేవాడు, ఫలానా ఆపరేషన్ తర్వాత మారిపోయాడు' అని అందులో ఉంటే కేసు సగం గట్టిపడినట్టే. 'ఇంటి గొడవలున్నాయి' అని ఒక్క వాక్యం ఉన్నా బోర్డు దాన్నే పట్టుకుంటుంది. ఈ కాగితాలు చేతిలో లేకపోతే మీ రికార్డ్స్ ఆఫీసుకి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి అడగండి, జవాబుకి గడువు 30 రోజులు. ఆస్పత్రి రికార్డు అడిగే హక్కు 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా ఇచ్చింది.

తిరస్కరణ ఎక్కువగా ఒకే మాటతో వస్తుంది: సర్వీసు వల్ల రాలేదు, సర్వీసులో ముదరలేదు, యుద్ధం, ఆపరేషన్లు లేని పీస్ స్టేషన్లో బయటపడింది. భర్తీ నాటి కాగితాల్లో జబ్బు ఊసు లేకపోతే, తర్వాత వచ్చిన జబ్బు సర్వీసుదేనని భావించాలని ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని ఒక్కటే పట్టుకుని వెళ్లొద్దు. మానసిక జబ్బు భర్తీ రోజున బయటపడకపోవచ్చని, ఆ భావన దానంతట అదే వర్తించదని 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో అదే కోర్టు అంది. కాబట్టి ఎక్కడ పోస్టింగు, ఏ తేదీల్లో, ఏం జరిగింది, మొదటిసారి ఎవరికి ఎప్పుడు చెప్పుకున్నారు అన్న వరసే మన బలం. సదరం సర్టిఫికెట్ ఈ పనికి చాలదు. దాని కొలత వేరు, బోర్డు కొలత వేరు.

ఇదంతా రాయాల్సి వచ్చినప్పుడే జబ్బు తిరగబెడుతుంది. నాకూ అలాగే అయింది. స్టేట్‌మెంటు రాయడానికి కూర్చున్న వారంలో రెండు నెలల క్రితం పోయిన కలలు మళ్లీ వచ్చాయి. ఇది బలహీనత కాదు. తప్పించుకు తిరుగుతున్నదాన్ని పక్కన డాక్టరు లేకుండా, గడువు పెట్టుకుని, ఒంటరిగా తవ్వడం వల్ల వచ్చే ఫలితం. అందుకని కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవాలి. పొద్దున్న టిఫిన్ అయ్యాక రాయాలి, చీకటి పడ్డాక ముట్టుకోకూడదు. టైము చూసుకుని 20 నిమిషాలే, తర్వాత కాగితాలు సంచిలో పెట్టి అది మీ గదిలో కాకుండా వేరే గదిలో పెట్టాలి. పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి, చదవక్కర్లేదు. రక్తం, శరీరాలు వర్ణించక్కర్లేదు. బోర్డుకి కావలసింది తేదీ, చోటు, మీరు చేసిన పని, చూసినవాళ్లు, ఆ తర్వాత మారినవి. 'ఆ రోజు ముందు ఆరు గంటలు నిద్ర, తర్వాత రెండు' అన్న మాట పేజీ వర్ణనకన్నా పని చేస్తుంది.

అందుకే నిద్ర పుస్తకం. 10 రూపాయల రూళ్ల నోటుబుక్కు చాలు. పడుకున్న టైము, లేచిన టైము, ఎన్నిసార్లు మెలకువ, కల వచ్చిందా, మాత్ర వేసుకున్నారా, తాగారా. నా పేజీలో ఒక వరస ఇలా ఉంటుంది: '10.15కి పడుకున్నా. 1.40కి లేచా, నేలమీద. 4 దాకా అరుగు మీద. మాత్ర వేసుకున్నా. తాగలేదు.' డాక్టరు మోతాదు మార్చేది దీన్ని చూసి. తర్వాత అదే పుస్తకం బోర్డు ముందుకి వెళుతుంది. మంచి రాత్రులు కూడా రాయండి. చెడ్డవి మాత్రమే రాసిన పుస్తకాన్ని ఎవరూ నమ్మరు.

బోర్డు గదిలో మనల్ని ముంచేది మన అలవాటే. ఎలా ఉన్నావని అడగ్గానే వీపు నిటారు చేసి 'ఠీక్ హై సాబ్' అంటాం. ఫిర్యాదేమీ లేదని అక్కడ రాసుకుంటారు. పోయిన నెలలో అతి చెడ్డ వారం ఎలా గడిచిందో ముందే ఇంట్లో రెండుసార్లు పైకి చెప్పి చూసుకోండి. అబద్ధం ఒక్కటీ వద్దు, ఎక్కువచేసి చెబితే సైకియాట్రిస్టుకి పది నిమిషాల్లో తెలిసిపోతుంది. వీలైతే ఒక రోజు ముందే ఆ ఊరు చేరి పడుకోవాలి. బోర్డు మర్నాడు ఇంట్లో ఎవరో ఒకరు వెంట ఉండాలి, ఆ రోజు కుంగిపోవడం మామూలే.

తిరస్కరిస్తే మొదటి అప్పీలుకి ఆరు నెలలు, తర్వాత రెండో అప్పీలు, ఆ పైన సాయుధ దళాల ట్రిబ్యునల్. మనకి చెన్నై బెంచి, కాకినాడలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దింపుతుంది. ఆరోగ్యం బాగోలేకపోతే పూర్తి స్టేట్‌మెంటు కోసం గడువు పోగొట్టుకోవద్దు. ఒక పేజీ అప్పీలు స్పీడ్ పోస్టులో పంపి, వివరాలు తర్వాత ఇస్తానని రాయండి. ఆలస్యంగా కోర్టుకెక్కితే బకాయిలు మామూలుగా మూడేళ్లకే ఇస్తారు, 2008 తర్సేమ్ సింగ్ తీర్పు అది. లాయరు ఫీజు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థని అడగండి, వైకల్యం ఉన్నవాళ్లకి చట్టమే ఉచిత సాయం ఇచ్చింది. 2023 సెప్టెంబర్లో నిబంధనలు మారాయి కనక మీ రిలీజు తేదీకి ఏవి వర్తిస్తాయో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవాలి.

డబ్బు లెక్క చిన్నది. పాత నిబంధనల ప్రకారం నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం. 40,000 జీతమైతే 12,000. బోర్డు 20 శాతమే ఇచ్చినా తక్కువ శాతాన్ని పై మెట్టుకి చేర్చే బ్రాడ్‌బ్యాండింగ్‌తో 50గా లెక్కేస్తారు కాబట్టి నెలకి 6,000, పైన డీఆర్ అనే కరువు భత్యం. మామూలుగా రిటైరైనవాళ్లకీ ఇది వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో తేలింది.

నయమైతే పెన్షన్ పోతుందేమోనని మందు మానేసేవాళ్లున్నారు. నేనూ ఒక నెల అలా ఆలోచించాను. కారణం లేకుండా వైద్యం వద్దన్నవాడికి బోర్డు దగ్గర అదే ఎదురు తిరుగుతుంది. ఆ 6,000 కోసం ఇంకో పదేళ్లు నేలమీద లేవడం ఏ లెక్కన చూసినా నష్టమే.

చప్పుడుని ఒళ్లు మళ్లీ కొబ్బరికాయగా వినడం నేర్చుకున్నది దింపు రోజుల్లో. తోటలో సుమారు 45 రోజులకోసారి కాయ దింపుతారు. థెరపిస్టు వేసిన ప్రణాళిక ప్రకారం మొదటిసారి దూరంగా కాలవగట్టు మీద కూర్చున్నాను. దింపే అతనికి ముందే చెప్పి ఉంచాం, గెల కోసేముందు పైనుంచి 'వదులుతున్నానండీ!' అని కేకేసేవాడు. ప్రతి చప్పుడుకీ భయాన్ని సున్నా నుంచి వంద దాకా ఒక అంకె వేసి పుస్తకంలో రాయాలి. మొదటి గెలకి 85. లేచి వెళ్లిపోతే భయం అక్కడే గడ్డకడుతుంది, అందుకని సగానికి తగ్గేదాకా కూర్చోవాలి. 40 నిమిషాలకి 35కి వచ్చింది. రెండో దింపుకి చెట్టు కిందికి, పది అడుగుల దూరానికి జరిగాను. మొదటి గెలకి 60, చివరి గెలకి 20.

మూడో దింపుకి ఆ కేక వెయ్యొద్దని చెప్పాను.