బాబాయి పూచీ

పొద్దున 8 గంటలకు గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గరికి వెళ్లేసరికి బాబాయి అప్పటికే నిలబడి ఉన్నాడు. రాత్రి 30 టిక్కీల (బస్తాల) తేజ రకం మిరపకాయలతో లారీలో వచ్చాడు. కంటి మీద కునుకు లేదు, అయినా నా కోసం గేటు దాకా వచ్చాడు. లోపల అడుగుపెట్టగానే ఘాటుకు నాకు దగ్గు ఆగలేదు. "అలవాటవుతుందిలేరా" అన్నాడు.

ఈ పని ఖాళీ ఉందని ఎక్కడా ప్రకటన లేదు. రైతుల సరుకు అమ్మిపెట్టే కమీషన్ కొట్టులో లెక్కలు రాసే పెద్ద గుమాస్తాగారు మానేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారని పోయిన వారం పట్టీ (అమ్మిన సరుకు లెక్క చీటీ) తీసుకునేటప్పుడు బాబాయి చెవిన పడింది. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశాడు. మా మిల్లు మూతపడి 7 నెలలైంది. ఆన్‌లైన్‌లో ఎన్ని దరఖాస్తులు పెట్టినా ఒక్కదానికీ జవాబు రాలేదు. ఇక్కడేమో కొత్త పంట దిగే రోజులు, ఆ కుర్చీ ఖాళీగా ఉంచలేరు. అలాగని ముక్కూమొహం తెలియని వాళ్లను కూర్చోబెట్టరు. రైతుకు ఇవ్వాల్సిన డబ్బు, ఏసీల్లో (కోల్డ్ స్టోరేజీల్లో) పెట్టిన సరుకు, కొన్నవాళ్ల బాకీలు, అన్నీ ఆ పుస్తకాల్లోనే ఉంటాయి.

ఆ కొట్టు షావుకారుగారు కాయ విరిచి చూస్తూ బేరంలో ఉన్నారు. అరగంట పక్కనే నిలబడ్డాం. బేరం తెగాక బాబాయి ముందుకెళ్లాడు. "మా అన్నయ్య కొడుకండీ. బీకాం చదివాడు. 9 ఏళ్లు స్పిన్నింగ్ మిల్లులో లెక్కలు చూశాడు. వీడికి నాది పూచీ."

"ట్యాలీ వచ్చా?"

"వచ్చండీ. జీఎస్టీ రిటర్నులు కూడా నేనే వేసేవాణ్ణి."

"పట్టీ రాయడం?"

తెలుసు అనే మాట నోటిదాకా వచ్చింది. బాబాయి మొహం చూసి ఆగిపోయాను. "తెలియదండీ, నేర్చుకుంటాను" అన్నాను.

సిఫారసుతో ఉద్యోగం అడగడమంటే నాకు మొదటి నుంచీ చిన్నతనంగా ఉండేది. ఇవాళ అక్కడ నిలబడ్డాక వేరే సంగతి కనిపించింది. బాబాయి 18 ఏళ్లుగా ఈ కొట్టుకే కాయలు తెస్తున్నాడు. పెట్టుబడికి డబ్బు కావాలన్నా ఇక్కడే అడుగుతాడు. రేపు నేను లెక్క తప్పితే ఇంటికి వెళ్లిపోతాను. ఆయన మాత్రం వచ్చే ఏడు మళ్లీ ఈ గడప ముందే టిక్కీలు దించాలి.

"సోమవారం నుంచి రా. ఒక నెల చూద్దాం" అన్నారు షావుకారుగారు. ఆ నెలకు ఎంతిస్తారో టెన్షన్‌లో అడగలేదు. అడగాల్సింది. సోమవారం తప్పకుండా అడుగుతాను.

బస్సులో వస్తుంటే మిల్లులో నా పక్క టేబుల్ మీద పనిచేసిన స్నేహితుడు గుర్తొచ్చాడు. లెక్కల్లో నాకన్నా గట్టివాడు, ఇంకా ఖాళీగానే ఉన్నాడు. అతనికి మిర్చి పండించే బాబాయి లేడు. అది నాకు బాధగానే ఉంది. యార్డులో ఇంకెక్కడైనా ఖాళీ ఉందని వింటే ముందు అతనికే చెప్పాలి.

వచ్చేటప్పుడు బాబాయి తన నిరుటి పట్టీ ఒకటి చేతిలో పెట్టాడు. రాత్రి అన్నం తిన్నాక దాని మీద చివరి మొత్తాన్ని చెయ్యి పెట్టి మూసి, తెల్లకాగితం మీద నేనే లెక్క కట్టాను. తూకంలోంచి గోతాల బరువు తీసి, ధరతో హెచ్చవేసి, కమీషన్, హమాలీ, కాటా ఖర్చులు పోనిచ్చి చూస్తే రెండుసార్లు తేడా వచ్చింది. మూడోసారికి రూపాయితో సహా కలిసింది.