ఒకీచోబీలో నాన్నతో ఒక పొద్దు

నిన్న నాన్నతో ఒకీచోబీ సరస్సుకి వెళ్లొచ్చాను. ఫ్లోరిడాకి వచ్చి ఏడేళ్లయినా, ఫిబ్రవరిలో ఇక్కడ గాలం వేయడం ఇదే మొదటిసారి. దాదాపు 730 చదరపు మైళ్ల సహజ సరస్సు, సగటు లోతు మాత్రం 9 అడుగులే. "అయితే మన కొల్లేరు లాంటిదేరా" అన్నారు నాన్న. ఆ మాటతో నాకు సగం టెన్షన్ పోయింది.

చలి తగ్గి నీళ్లు 60 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే లార్జ్‌మౌత్ బాస్ అనే చేప గుడ్లు పెట్టడానికి జమ్ము పక్కకి వస్తుంది. మగచేప తోకతో అడుగున ఊడ్చి గుండ్రంగా గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతే కాపలా అంతా మగదే.

ప్లాస్టిక్ వానపాముని అడుగున మెల్లగా లాగుతుంటే ఒక్కసారిగా దారం బిగిసింది. చేప 20 అంగుళాలుంది. ఇక్కడి రూల్ ప్రకారం 16 అంగుళాలు, ఆపైన ఉన్నది రోజుకి ఒకటి ఉంచుకోవచ్చు. నాన్న దాని పొట్ట చూసి, "గుడ్లతో ఉంది, వదిలెయ్" అన్నారు. చేతులు తడుపుకుని, పొట్ట కింద పట్టి తనే నీళ్లలోకి దించారు. అది తోక ఆడించేదాకా వదల్లేదు.

ఎర్రటి కొర్రమేను పిల్లల గుంపు కనిపిస్తే, కింద తల్లి ఉంటుందని తాతయ్య గాలం వేయనిచ్చేవారు కాదట. ఇన్నేళ్లలో నాన్న నాకా సంగతి చెప్పడం ఇదే మొదలు.

వచ్చే నెల నాన్న తిరుగు ప్రయాణం. ఈలోపు ఇంకోసారి వెళ్తాం.