ఆర్‌పీడబ్ల్యూడీ (వికలాంగుల హక్కుల) చట్టం: మార్కులు పోయేది 40 శాతం దగ్గరే

పరీక్ష ఫలితాలు వచ్చాయి, ఊపిరి పీల్చుకున్నాం. ఏం చదవాలి, ఎలా రాయాలి అని అడిగేవాళ్ల కోసం ఇది. బుక్‌లిస్టులు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. ఈ చట్టంలో బాగా చదివినవాళ్లు కూడా జారిపడే ఒకే ఒక్క చోటు గురించి చెబుతా.

ప్రశ్న ఇలా వస్తుంది: అభ్యర్థికి 30 శాతం వైకల్యం. నియామక పరీక్షకు స్క్రైబ్‌ను (తను చెబితే జవాబులు రాసిపెట్టే మనిషిని) అడిగితే బోర్డు కుదరదంది. చర్చించండి. "40 శాతం లేదు కనుక హక్కు లేదు" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అక్కడే పేపర్ దిద్దేవాళ్ల పెన్ను ఆగిపోతుంది.

2016 చట్టం సెక్షన్ 2లో 'ఎస్', 'ఆర్' క్లాజులను పక్కపక్కన పెట్టి చదవండి. 'ఎస్'లో వికలాంగుడి నిర్వచనం ఉంది: దీర్ఘకాలిక లోపం, దానికి తోడు నలుగురితో సమానంగా పాల్గొననివ్వని అవరోధాలు. శాతం మాటే లేదు. 40 శాతం వచ్చేది 'ఆర్'లో, అంటే బెంచ్‌మార్క్ వైకల్యంలో. సెక్షన్ 34 రిజర్వేషన్‌కు 'ఆర్' కావాలి. వివక్ష చూపకూడదనే సెక్షన్ 3కి, 20కి 'ఎస్' చాలు. వికాస్ కుమార్ వర్సెస్ యూపీఎస్సీ కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఆ అభ్యర్థికి ఉన్నది రైటర్స్ క్రాంప్ (రాస్తుంటే చేతి కండరాలు పట్టేసే సమస్య). సివిల్ జడ్జి పోస్టులకు వైకల్యం 50 శాతం దాటకూడదన్న పరిమితిని సమర్థించిన 2019 నాటి సురేంద్ర మోహన్ తీర్పు ఇక ప్రామాణికం కాదని కూడా అందులోనే తేలింది. పాత నోట్సు పట్టుకున్నవాళ్లు ఇంకా 2019 తీర్పే రాస్తున్నారు, చూసుకోండి.

జవాబులో ముందు 'ఎస్'లోకి వస్తాడా చూడాలి, తర్వాత అడిగింది సర్దుబాటా, రిజర్వేషనా తేల్చాలి. సర్దుబాటు అయితే 'హెచ్' క్లాజు: రీజనబుల్ అకామడేషన్ (తగిన సర్దుబాటు) నిరాకరించడమే వివక్ష. బోర్డుకు మిగిలే దారులు రెండు. ఒకటి, 'వై' క్లాజులోని మితిమీరిన భారం. రెండోది, సెక్షన్ 3లో మూడో ఉపసెక్షన్: న్యాయమైన లక్ష్యం, దానికి తగ్గ మార్గం. దాన్ని చూపించాల్సింది బోర్డే, అభ్యర్థి కాదు. ఈ ఒక్క వాక్యం రాసినవాళ్లు తక్కువ. ముగింపుకు 2025 మార్చి 3 తీర్పు వాడండి: చూపులేనివారిని న్యాయ సర్వీసు నుంచి తప్పించిన మధ్యప్రదేశ్ రూలు 6ఎ కొట్టివేత.

ప్రైవేటు కంపెనీకి సెక్షన్ 34లోని 4 శాతం కోటా అంటగట్టకండి. సెక్షన్ 20, 34 ప్రభుత్వ సంస్థలకు. ప్రైవేటుకు సెక్షన్ 3, సమాన అవకాశాల విధానం కోరే సెక్షన్ 21 వర్తిస్తాయి. సెక్షన్ 35లోని 5 శాతం కోటా కాదు, అంతమందిని తీసుకునేలా ప్రైవేటు యజమానులకు ఇచ్చే ప్రోత్సాహకం మాత్రమే.

ఆ 4 శాతంలో చూపు, వినికిడి, కదలిక వర్గాలకు తలా ఒక శాతం. ఆటిజం, మేధోవైకల్యం, మానసిక రుగ్మత లాంటివి ఉన్న 'డి' వర్గం, బహుళ వైకల్యాల 'ఇ' వర్గం కలిసి పంచుకునేది మిగిలిన ఒక్క శాతమే. ఖాళీ మిగిలితే మరుసటి నియామక సంవత్సరానికి వెళ్తుంది. అప్పుడూ దొరక్కపోతేనే వర్గాల మధ్య మార్పిడి, ఆ తర్వాతే ఇతరులకు. కేంద్రం రోస్టర్‌లో (పోస్టుల వరుస పట్టికలో) నూటికి నాలుగు బ్లాకులు: 1, 26, 51, 76 నుంచి మొదలు.

సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే అది సెక్షన్ 20లో నాలుగో ఉపసెక్షన్, నియామకం కాదు. వర్ణాంధత్వం వచ్చిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్‌కు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలన్న 2025 తీర్పును ఇక్కడ పెట్టవచ్చు. కానీ వర్ణాంధత్వం చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో లేదు, కోర్టు కార్మిక ఒప్పందం మీద కూడా ఆధారపడింది. అది చెప్పకుండా కేసు పేరు విసిరితే లాభం లేదు.

ఒక్క చట్టానికి ఇన్ని రోజులా అని నవ్వేవాళ్లుంటారు, నవ్వనివ్వండి. పైన చెప్పిన ప్రశ్ననే తీసుకుని 30ని 45 చేయండి, బోర్డును ప్రైవేటు కంపెనీ చేయండి, స్క్రైబ్‌ను పోస్టు రిజర్వేషన్ చేయండి. ఒక్కోసారి ఏ సెక్షన్ పోయి ఏది వస్తుందో పుస్తకం మూసి రాయండి.