సైప్రస్ పటం: మూడో నెల మొత్తం సముద్రానికే

దీవి రెండు సాయంత్రాల్లో అయిపోయింది. దాని చుట్టూ ఉన్న నీళ్ళకు మాత్రం నెల పట్టింది.

నేను చూసి చెక్కుతున్నది 1572లో వెనిస్‌లో అచ్చయిన తొమ్మాసో పోర్కాక్కి ద్వీపాల పుస్తకంలోని సైప్రస్ పటం. ఆ పటాన్ని చెక్కింది ఇటలీలోని పాడువాకు చెందిన జిరోలమో పోర్రో. ఆ పుస్తకం ప్రచురణలో సిమోన్ గలిన్యానితో పాటు అతనికీ భాగం ఉంది. పటం సుమారు 10 × 14 సెంటీమీటర్లు, మన పోస్టుకార్డు కంటే కాస్త వెడల్పు. సైప్రస్ నగరాల్లో 1570 సెప్టెంబరులో నికోసియా, 1571 ఆగస్టులో ఫమగుస్తా ఒట్టోమన్ తుర్కుల వశమయ్యాయి. పుస్తకం చేతికొచ్చేసరికి సైప్రస్ వెనిస్ చేజారిపోయింది. అందుకే అన్ని దీవుల్లో దీన్నే ఎంచుకున్నాను. పోగొట్టుకున్న ఊరి బొమ్మను చూసినట్టు వెనిస్ వాళ్ళు ఈ పేజీ చూసి ఉంటారనిపిస్తుంది.

ఇక పని సంగతి. పోర్రో రాగిరేకు మీద బ్యూరిన్ అనే సన్న ఉలితో చెక్కాడు. నేను ఒక మిల్లీమీటరు అక్రిలిక్ షీటు మీద సూదితో గీస్తున్నాను. షీటు పారదర్శకం కాబట్టి పటాన్ని తిరగేసి ప్రింటు తీసి కింద పెడితే చాలు. అలా పెట్టినా మొదటి షీటులో సిప్రో అన్న పేరులోని ఆర్ అక్షరాన్ని అలవాటుకొద్దీ మామూలుగా గీసేశాను, అచ్చులో అది తిరగబడింది. రెండో షీటులో అన్నిటికంటే ముందు అక్షరాలే గీశాను.

సముద్రమంతా చుక్కలు. చదరపు సెంటీమీటరుకు దాదాపు 150 పడ్డాయి, దానికి ఇరవై నిమిషాలు. నీటి భాగం 80 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంది, లెక్క మీరే వేసుకోండి. మొదట అంతటా ఒకే దూరంలో వేశాను. దీవి నీళ్ళలో కలిసిపోయింది. చుక్కలు వరసల్లో పడితే కన్ను వాటిని గీతలుగా చూస్తుంది కూడా. రెండోసారి తీరం నుంచి బయటికి వేస్తూ వెళ్ళాను: అంచు వెంబడి చిన్న అడ్డగీతలు, ఆ కాలపు ఇటలీ పటాల్లో తరచు కనిపించేవే, తర్వాత దట్టమైన చుక్కలు, ఆపైన పలచగా. అప్పుడు దీవి పైకి లేచింది. ఆ రాత్రి దాన్ని దీపం కింద తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోయాను.

అచ్చుకు నూడుల్స్ మెషీన్ (పిండిని రెండు రోలర్ల మధ్య పలచగా నొక్కేది) వాడుతున్నాను. 10 సెంటీమీటర్ల వైపు దూరుతుంది, పైన పలుచని ఫెల్టు వేస్తాను. కాటన్ కాగితాన్ని అరగంట నానబెట్టి టవళ్ళ మధ్య నొక్కాలి. గీతల్లో, చుక్కల్లో సిరా నింపాక పైన మిగిలినది తుడవడానికి గంజి పెట్టి ఆరబెట్టిన పాత పంచె ముక్క బాగా పనికొచ్చింది. గంజి లేని మెత్తని గుడ్డ చుక్కల్లోని సిరాను కూడా లాగేసింది. చివర అరచేత్తో ఒకసారి తేలిగ్గా.

ఎనిమిదో అచ్చుకల్లా చుక్కలు పలచబడ్డాయి. సూది గుచ్చినప్పుడు పక్కన లేచే గరుకు అంచులోనే నా సిరా ఎక్కువగా నిలుస్తోంది, మెషీన్ ఒత్తిడికి అది అణిగిపోతోంది. బ్యూరిన్ లోహాన్ని తవ్వి తీసేస్తుంది, సిరా ఆ గాడిలోనే కూర్చుంటుంది. అందుకే పోర్రో పటాలు 1576, 1590, 1620 ముద్రణల్లోనూ అచ్చయ్యాయి.

ఇంకో విషయం ఈ నెలలోనే అర్థమైంది. అదే పేజీలో పటం కింద వచనం ఉంటుంది. ఉబ్బెత్తు అక్షరాలకు ఒక ప్రెస్సు, గాడి రేకుకు రోలరు ప్రెస్సు, అంటే ఒకే కాగితం రెండు యంత్రాల గుండా వెళ్ళాలి. ఒక్క మెషీన్‌తో, ఇంత చిన్న కాగితం మీదే నాకు సూటిగా కుదరడం లేదు.

0.8 మిల్లీమీటర్ల రాగిరేకు, ఒక బ్యూరిన్ తెప్పించాను. ముందు 3 సెంటీమీటర్ల ముక్క మీద దీవి లేకుండా ఉత్త సముద్రం చెక్కి చూస్తాను.