ట్యూబ్‌లైట్ వేయకుండా టైప్ చేయడానికి ఒక కీబోర్డు: నా అనుభవం

నేను అమెరికా క్లయింటు ఒకరికి ఇంటి నుంచి అకౌంట్స్ పని చేస్తాను. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. పని ఊపందుకునే వేళకి ఇంట్లో అందరూ పడుకుంటారు. ఇల్లేమో ఒక హాలు, ఒక పడకగది. హాల్లో అత్తయ్య పడుకుంటారు. గదిలో మా ఆయన, పాప, కిటికీ పక్కన నా టేబుల్. ట్యూబ్‌లైట్ వేస్తే పాప లేస్తుంది, పాప లేస్తే ఇక ఆ రాత్రికి ఎవరికీ నిద్ర ఉండదు.

చూడకుండా టైప్ చేయడం వచ్చినవాళ్లకి కీబోర్డులో లైటెందుకని చాలామంది అడిగారు. అక్షరాలకైతే నాకూ అక్కర్లేదు. కానీ ఎక్సెల్‌లో పనిచేసేవాళ్ల వేళ్లు అక్షరాల మీద ఉండేది తక్కువ. డాలర్ గుర్తు, పర్సెంటేజీ, బ్రాకెట్లు, పేజ్ డౌన్, డిలీట్, పై వరసలో ఎఫ్2, ఎఫ్4. మౌస్ మీంచి చెయ్యి తిరిగొచ్చి ఎఫ్4 ఏదో ఎఫ్5 ఏదో చీకట్లో తడుముకునేటప్పుడే టెన్షన్ అంతా.

మొదట టేబుల్ ల్యాంపుతో చూశాను. ఎంత వంచినా గోడ మీద పడి గదంతా వెలుగొచ్చేది. తర్వాత యూఎస్‌బీలో గుచ్చుకునే వంకర మెడ లైటు. పాత థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌ల్లో స్క్రీన్ పైఅంచున చిన్న బల్బు ఒకటి ఉండి కీల మీదకి వెలుగు వేసేది, గుర్తుందా? థింక్‌లైట్ అనేవారు దాన్ని. అదే పద్ధతి. కానీ ఈ వంకర లైటు కీల మీద పడి, ఆ నునుపు మీంచి నేరుగా నా కళ్లలోకే కొట్టేది. పైగా నేను స్క్రీన్ మొత్తం డార్క్ మోడ్‌లో పెట్టుకుంటాను కాబట్టి స్క్రీన్ వెలుగు కీల మీద పడే అవకాశమూ లేదు. వెలుగు పైనుంచి కాదు, కీ లోపల్నుంచే రావాలని అప్పుడు ఖాయమైంది.

మా తమ్ముడు తన పాత గేమింగ్ కీబోర్డు ఇచ్చాడు. "అక్కా, ఆర్‌జీబీ, సూపరుంటుంది" అని. ఆర్‌జీబీ కాదది. అసలైన ఆర్‌జీబీలో ప్రతి కీ కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఉంటాయి, మనకు కావాల్సిన రంగు పెట్టుకోవచ్చు. వాడిచ్చినదాంట్లో ఎడమవైపు కీలు ఎప్పటికీ ఎరుపే, మధ్యలో ఎప్పటికీ ఆకుపచ్చే, కుడివైపు ఎప్పటికీ నీలమే. చవక కీబోర్డుల్లో ఇలాంటివే ఎక్కువ. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు వివరాల్లో "రెయిన్‌బో" అనో "మిక్స్‌డ్ కలర్" అనో ఎక్కడో కింద రాసి ఉంటే అది ఇదే అనుకోవాలి. నా నంబర్ ప్యాడ్ మొత్తం ఆ నీలం వైపు పడింది. చీకట్లో నీలం వెలుగు అంచులు మన కంటికి అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి, ఎందుకంటే కన్ను మిగతా రంగుల్ని ఫోకస్ చేసేచోట నీలాన్ని చేయలేదు. 3కీ 8కీ తేడా తెలియడానికి ముందుకి వంగాల్సి వచ్చేది.

అసలు తమాషా ఇంకోటి. ఆ కీబోర్డులో లైటు వేయాలంటే స్క్రోల్ లాక్ నొక్కాలి. విడిగా స్విచ్ పెట్టే ఖర్చు మిగుల్చుకోవడానికి కొన్ని చవక కీబోర్డుల్లో స్క్రోల్ లాక్ సూచిక లైటు తీగకే మొత్తం బ్యాక్‌లైట్ కలిపేస్తారు. సినిమా చూసేవాడికి ఇది తెలియను కూడా తెలియదు. ఎక్సెల్ వాడేవాళ్లకి మాత్రం చుక్కలు కనిపిస్తాయి, స్క్రోల్ లాక్ ఆన్‌లో ఉంటే బాణం కీలు పక్క గడిలోకి పోవు, మొత్తం షీటే జరుగుతుంది. లైటు కావాలా, బాణం కీలు కావాలా, ఏదో ఒకటే. మా ఆఫీసులో విండోస్ బదులు ఉబుంటు వాడే కుర్రాడికి ఇలాంటిదే ఉంటే, వాడికి ఆ కీ నొక్కినా లైటే వెలగలేదట. టెర్మినల్‌లో ఏదో కమాండ్ రాస్తేగానీ రాలేదని చెప్పాడు.

ఇక మోత. అవి నీలం స్విచ్‌లు. మెకానికల్ కీబోర్డుల్లో, అంటే ప్రతి కీ కింద విడిగా స్విచ్ ఉండేవాటిలో, ఆ స్విచ్ రంగునిబట్టి స్వభావం చెప్పుకుంటారు: నీలం నొక్కితే టిక్కుమంటుంది, గోధుమ రంగు వేలికి చిన్న గతుకు తగిలిస్తుంది గానీ టిక్కుమనదు, ఎరుపు ఏ అడ్డూ లేకుండా నేరుగా దిగిపోతుంది. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ తెచ్చిన ఈ రంగుల లెక్కనే మిగతా కంపెనీలూ దాదాపు పాటిస్తాయి. తెల్లారి అత్తయ్య కాఫీ ఇస్తూ అన్నారు: "రాత్రంతా ఆ వడ్లు దంచడం ఏంటమ్మా?" పాప కోసం లైటు సంగతి చూస్తూ అత్తయ్య చెవుల సంగతి వదిలేస్తే కుదరదు. నీలం స్విచ్‌లకి అక్కడే చెల్లుచీటీ.

సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, సీటీసీ అంటారు, కంప్యూటర్ సామాన్ల దుకాణాలే అన్నీ. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొనే ధైర్యం నాకు లేదు, ఆ ఫొటోలు ఎలాగూ చీకట్లో కెమెరాని ఎక్కువసేపు తెరిచి తీసినట్టే ఉంటాయి, అన్నీ జిగేల్‌మంటాయి. కానీ దుకాణంలో తెల్లటి ఎల్‌ఈడీ ప్యానెళ్ల కింద ఏ బ్యాక్‌లైటూ తెలియదు. అందుకని కౌంటర్ మీద కీబోర్డు పెట్టించి, చున్నీ కప్పుకుని లోపలికి తల పెట్టి చూశాను. దుకాణం అబ్బాయి మొదట నవ్వాడు. తర్వాత "ఆగండి మేడం" అని లోపల స్టాకు గదిలోకి తీసుకెళ్లి లైటు ఆపేశాడు. అక్కడ చూసింది చూసినట్టు చెప్తాను, ఎందుకంటే అట్ట పెట్టె మీద ఇవేవీ ఉండవు.

ఒకదాంట్లో వెలుగు దండిగా ఉంది, అక్షరం మాత్రం ఒక్కటీ కనిపించదు. ఆ కీక్యాప్‌ల మీద, అంటే కీ పైన తొడిగే ప్లాస్టిక్ ముక్కల మీద, అక్షరాన్ని రంగుతో ప్లాస్టిక్‌లోకి ఇంకిస్తారు. అరిగిపోదు, చూడ్డానికి బాగుంటుంది, కానీ వెలుగు దాన్ని దాటి పైకి రాదు. కీల మధ్య సందుల్లోంచి మాత్రం వస్తుంది. చీకట్లో నల్లటి చదరాల చుట్టూ గీతలు, అంతే. పెట్టె మీద "బ్యాక్‌లిట్" అనే ఉంది, అబద్ధమేమీ కాదు కూడా.

ఇంకోదాంట్లో అక్షరాలు చక్కగా వెలిగాయి. తెల్లటి కీ మీద నల్ల పెయింట్ వేసి, అక్షరం ఉన్నంత మేర లేజర్‌తో పెయింట్ గీకేసిన రకం అది. కొత్తలో బాగానే ఉంటుంది. కానీ పక్కనే డెమోకి పెట్టిన పాతది కూడా అదే మోడల్, దాని ఎంటర్ మీదా స్పేస్ మీదా పెయింట్ లేచిపోయి అక్కడక్కడా వెలుగు మచ్చలు కనిపించాయి. నా నంబర్ ప్యాడ్‌కి అదే గతి పడుతుంది. మూడో రకం డబుల్ షాట్. అక్షరాన్ని వెలుగు పారే ప్లాస్టిక్‌తో ఒకసారి, చుట్టూ కీని నల్ల ప్లాస్టిక్‌తో ఇంకోసారి పోస్తారు. అక్షరం పైపూత కాదు, అడుగు దాకా ఉంటుంది. కీక్యాప్ ఒకటి పీకి వెనక్కి తిప్పి చూస్తే లోపల రెండు రంగుల ప్లాస్టిక్ తెలుస్తుంది. ఎవరైనా కొనేముందు ఒక్క కీ పీకి చూపించమని అడగండి, ఏమీ అనుకోరు.

డబుల్ షాట్ అయినా ఒక మెలిక ఉంది. మెకానికల్ స్విచ్‌లో ఎల్‌ఈడీ సాధారణంగా మధ్యలో ఉండదు, ఒక పక్కకి ఉంటుంది. స్క్రీన్ వైపు ఉంటే కీ పైభాగంలో ఉన్న గుర్తు వెలుగుతుంది, కిందిది మసక. మన వైపు ఉంటే తిరకాసు, పైభాగంలోని అక్షరాలే మసకబారతాయి. స్టాకు గదిలో 4వ కీ చూస్తే, ఒక కీబోర్డులో డాలర్ గుర్తు పైన వెలుగుతూ కింద 4 ఉందో లేదో అన్నట్టుంది. ఇంకోదాంట్లో రెండూ పైభాగంలోనే పక్కపక్కన ముద్రించారు, రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి. అదే నాకు కావాల్సింది. రూపాయి గుర్తు మాత్రం దేంట్లోనూ వెలగలేదు. ఇండియా లేఅవుట్‌లో కంట్రోల్, ఆల్ట్, 4 కలిపి నొక్కితే వస్తుందని తెలుసు కాబట్టి దాని మీద పేచీ పెట్టుకోలేదు.

వైర్‌లెస్ చూడమని అబ్బాయి బలవంతపెట్టాడు. లాజిటెక్ ఎంఎక్స్ కీస్ చూపించాడు. చెయ్యి దగ్గరికి తెస్తే దానంతటదే వెలుగుతుంది, తీసేస్తే ఆరిపోతుంది, చప్పుడు కూడా దాదాపు లేదు. మనసు లాగింది. ధర నా బడ్జెట్‌కి అందలేదు. పైగా లైటుకి బ్యాటరీ ఎలా కరుగుతుందో కంపెనీ లెక్కే చెప్తుంది: లైటుతో వాడితే ఒక ఛార్జింగ్ 10 రోజులు, లైటు లేకుండా అయితే 5 నెలలు. మిగతా చవక వైర్‌లెస్‌లు కాసేపు ముట్టుకోకపోతే లైటు ఆర్పేసుకుంటాయి, మళ్లీ వెలగాలంటే ఏదో ఒక కీ నొక్కాలి. ఏ కీ నొక్కాలో కనపడకే కదా లైటు కావాలంటున్నది! టేబుల్ దగ్గర్నుంచి కదలని మనిషికి వైరు ఉంటే వచ్చే నష్టమేంటని వైరుదే చూశాను.

ఇక రంగు, వెలుగు మోతాదు. అందరూ ఎంత ఎక్కువ వెలుగుతుందో చూపిస్తారు. చీకటి గదిలో చూసుకోవాల్సింది ఎంత తక్కువకి దిగుతుందన్నది. ఒకటి ఆఖరి మెట్టులో కూడా గోడ మీద నా నీడ పడేంత వెలిగింది. ఇంకోటి బాగా తగ్గింది గానీ, తగ్గించినప్పుడు ఫోన్ కెమెరాలో చూస్తే చారలు పాకుతున్నాయి. వెలుగు తగ్గించడానికి ఎల్‌ఈడీని గబగబా ఆర్పి వెలిగిస్తారు, ఆ వేగం తక్కువైతే ఇలా తెలుస్తుంది. కొందరికి తలనొప్పి తెప్పించేది ఇదే. ఎరుపు రంగు ఎంచుకున్నాను. చీకటికి అలవాటు పడిన కన్ను ఎరుపుకి తక్కువ చెదురుతుంది, అందుకే రాత్రిపూట నక్షత్రాలు చూసేవాళ్లు ఎర్ర టార్చి వాడతారు. ఎదురుగా స్క్రీన్ వెలుగుతుంటే నా కళ్లకి ఆ లాభం పూర్తిగా దక్కదు, అది ఒప్పుకోవాలి. కానీ మంచం మీంచి చూస్తే ఎరుపు అసలు కంటికి ఆనదు. మా ఆయన్ని పడుకోబెట్టి మరీ అడిగాను.

కొన్నది వైరున్న, ఎర్ర స్విచ్‌ల, డబుల్ షాట్ కీల కీబోర్డు. లైటు సెట్టింగు కీబోర్డులోనే దాచుకుంటుంది, సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. క్లయింటు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో మనం ఏమీ ఇన్‌స్టాల్ చేయలేం కాబట్టి ఇది అడిగి మరీ తీసుకున్నాను. ఎర్ర స్విచ్‌ అయినా కీ అడుగున తగిలినప్పుడు టప్ మంటుంది. కీక్యాప్‌ల లోపల సన్నటి రబ్బరు రింగులు వేశాను, కింద పాత యోగా మ్యాట్ ముక్క పరిచాను. అత్తయ్య నుంచి కంప్లయింట్ లేదు.

పని తక్కువున్న పూట తెలుగులో ఏదో ఒకటి రాసుకుంటాను, ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే భారతీయ భాషలకి ఉన్న ప్రామాణిక కీబోర్డు అమరికలో. పాత కీబోర్డు మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు ఉండేవి. దీని మీద వేస్తే నల్ల స్టిక్కరు కింద లైటు మొత్తం చచ్చిపోయింది. పారదర్శకంగా ఉండేవి వేస్తే వెలిగే ఇంగ్లీషు అక్షరం పక్కన తెలుగు అక్షరం ఉట్టి మరకలా ఉంది. పీకేశాను. ఎఫ్ మీదా జె మీదా వేలికి తగిలే గీతలుంటాయి కదా, ఎఫ్ అంటే గుడి, జె అంటే ర, ఎఫ్ పక్కన డి అంటే పొల్లు. అక్కణ్నుంచి వేళ్లే వెతుక్కుంటున్నాయి. షిఫ్ట్‌తో వచ్చే ణ, ళ, ష దగ్గర ఇప్పటికీ ఆగుతాను.

క్యాప్స్ లాక్, నమ్ లాక్ సూచిక లైట్లు మాత్రం నీలం. వాటిని తగ్గించే దారి లేదు, నమ్ లాక్ నాకు ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించాను.